కొల్లూరు రాయి, కార్న్‌వాల్ ఇల్లు

2025 అక్టోబర్ 19న పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో దొంగలు పడ్డారు. పట్టపగలు నిచ్చెన వేసుకుని ఎక్కి, కొద్ది నిమిషాల్లో ఫ్రెంచి రాజాభరణాలు పట్టుకుపోయారు. ఆ వార్త చదువుతుంటే ఒక చోట నా కళ్ళు ఆగిపోయాయి. అదే హాల్లో ఉన్న రీజెంట్ వజ్రాన్ని దొంగలు ముట్టుకోలేదట. ఎందుకు వదిలేశారో వాళ్ళకే తెలియాలి గానీ, నాకు మాత్రం "హమ్మయ్య, మనది పోలేదు" అనిపించింది. అనుకున్న వెంటనే నవ్వొచ్చింది. మనదేంటి? పారిస్‌లో ఉన్న రాయి మనది ఎలా అయ్యింది?

అసలు విషయానికొస్తే, ఆ రాయి కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికింది. నిన్నమొన్నటి వరకు గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు కూడా ఆ వైపే. కోహినూర్ కూడా కొల్లూరుదే అంటారు కాబట్టి దాని గురించి అందరూ రాసేశారు. నేను రాయబోయేది వజ్రం గురించి కాదు, ఆ వజ్రం అమ్మిన డబ్బుతో ఇంగ్లండ్‌లో ఒకాయన కొన్న ఇంటి గురించి. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఇప్పటికీ ఒక కుటుంబం చేతిలోనే ఉంది. నేను చూసొచ్చాను కూడా.

ఆన్‌సైట్ పేరుతో ఒక ఏడాది రీడింగ్‌లో ఉన్నాను. ఇంగ్లండ్‌లో మే నెలలో ఎండ వచ్చిందంటే జనం పిచ్చెక్కినట్టు బయటికి పరిగెడతారు. వాళ్ళకి ఇష్టమైన కాలక్షేపాల్లో ఒకటి పాత జమీందారీ ఇళ్ళు చూడ్డం. టికెట్ కొనుక్కుని, తోటంతా తిరిగి, టీ తాగి, కేకు తిని ఇంటికెళ్తారు. మొదట్లో నాకు అర్థం కాలేదు. ఎవరిదో ఇల్లు, ఎవరి తాతలవో బొమ్మలు, డబ్బులిచ్చి చూడ్డమేంటి అనుకునేవాణ్ణి. రెండు మూడు చూశాక అలవాటైపోయింది. ఓ వారాంతం మా రూమ్మేట్లు కార్న్‌వాల్ వెళ్దామంటే, దార్లో లాస్ట్‌విథియల్ అనే చిన్న ఊరి దగ్గర బొకానక్ అని ఒకటుందని నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. వసంతకాలంలో ఆదివారాలు తోట చూడనిస్తారు. ఇంట్లోకి మాత్రం అందరికీ, అన్ని రోజులూ ప్రవేశం ఉండదు. పెళ్ళిళ్ళకీ వేడుకలకీ అద్దెకిస్తారు.

ఇల్లు చూడగానే ఆహా ఓహో అనిపించేది కాదు. పేద్ద కోటలాంటిదేం కాదు. బూడిదరంగు గోడలు, వెనకాల ఒక చర్చి, చుట్టూ గడ్డి మైదానం, దూరంగా జింకలు. తోటలో రోడోడెండ్రాన్లు, అజేలియాలు విరగబూసి ఉన్నాయి. కాస్త అవతల ఎత్తు మీద ఒక రాతి స్తంభం, 1771లో నిలబెట్టారు, 123 అడుగులు. రూమ్మేట్లు ఫొటోలు తీసుకుంటుంటే నేను మాత్రం ఆ గోడల వంక చూస్తూ లెక్కలేసుకుంటున్నా.

ఆ లెక్కల కథ ఇదీ.

థామస్ పిట్ అనే ఆయన 1653లో ఇంగ్లండ్‌లో ఒక చర్చి పూజారికి పుట్టాడు. 1674లో మన దేశం వచ్చాడు. అప్పట్లో ఇండియాతో వ్యాపారం చేసే హక్కు ఈస్టిండియా కంపెనీ ఒక్కదానిదే. ఈయన ఆ హక్కుని లెక్క చెయ్యకుండా సొంత వ్యాపారం మొదలెట్టాడు. కంపెనీ కోర్టుకీడ్చింది, జరిమానా వేయించింది. అయినా ఆగలేదు. చివరికి కంపెనీ వాళ్ళకి విసుగొచ్చి, ఇతన్ని బయట ఉంచడం కన్నా లోపల పెట్టుకోవడమే నయం అనుకున్నారో ఏమో, 1698లో ఏకంగా మద్రాసు సెయింట్ జార్జి కోటకి గవర్నర్‌ని చేసి పంపారు. 1709 దాకా ఆ పదవిలో ఉన్నాడు. మన కార్పొరేట్ లోకంలో కూడా ఇలాంటివి చూస్తూనే ఉంటాం కదా :)

గవర్నర్ జీతం ఒక పక్క, సొంత వ్యాపారం ఇంకో పక్క. ఆ రోజుల్లో సంపాదించిన సొమ్మును ఇంగ్లండ్‌కి పంపాలంటే వజ్రాలు మంచి మార్గం. బరువు తక్కువ, విలువ ఎక్కువ. 1701 డిసెంబర్ ప్రాంతంలో జామ్‌చంద్ అనే పెద్ద వజ్రాల వ్యాపారి ఒక పచ్చి రాయి తీసుకుని మద్రాసు వచ్చాడు. అప్పటి తూకంలో 305 మాంగెలిన్లు, ఇప్పటి లెక్కలో దాదాపు 410 క్యారట్లు. జామ్‌చంద్ చెప్పిన ధర 2 లక్షల వరహాలు. పిట్ పెదవి విరిచాడు. జామ్‌చంద్ రాయి వదిలి వెళ్ళడం, మళ్ళీ వచ్చి తీసుకుపోవడం, మళ్ళీ తేవడం.. ఇలా బేరం చాలాకాలం నడిచింది. చివరికి 48,000 వరహాలకి తెగింది. అంటే అప్పటి 20,400 పౌన్లు. ఇదంతా పిట్ తనే రాసి పెట్టిన వివరం.

1702లో కొడుకు రాబర్ట్ చేతికిచ్చి రాయిని లండన్ పంపాడు. సానపట్టడానికి రెండేళ్ళు పట్టింది. 410 క్యారట్ల రాయి 140 చిల్లరకి వచ్చింది. కానీ అంత మెరుపు, అంత శుద్ధి ఉన్న రాయి యూరప్ అప్పటిదాకా చూడలేదు. కొనేవాళ్ళు మాత్రం వెంటనే దొరకలేదు. 1717లో ఫ్రాన్సు రాజు పసివాడు కావడంతో అతని తరఫున పాలిస్తున్న ఓర్లియాన్స్ డ్యూక్ 1,35,000 పౌన్లకి కొన్నాడు. ఆయన హోదా రీజెంట్ కాబట్టి రాయికి ఆ పేరొచ్చింది. తర్వాత అది 15వ లూయీ కిరీటంలోకి, విప్లవంలో దొంగల చేతికి, మళ్ళీ ఖజానాకి, ఆపైన నెపోలియన్ కత్తి పిడిలోకి వెళ్ళింది. 1887లో ఫ్రాన్సు ప్రభుత్వం రాజాభరణాలు వేలం వేసినప్పుడు కూడా దీన్ని అమ్మకుండా ఉంచుకున్నారు.

డబ్బు చేతికొచ్చిన అదే 1717లో పిట్ బొకానక్ ఎస్టేటు కొన్నాడు. ధర 54,000 పౌన్లు. అంటే వజ్రం అమ్మిన సొమ్ములో సరిగ్గా 40 శాతం. అమ్మింది లార్డ్ మోహున్ అనే ఆయన భార్య. ఆ మోహున్ 1712లో లండన్ హైడ్ పార్కులో ఇంకో డ్యూక్‌తో కత్తియుద్ధానికి దిగి, ఇద్దరూ చచ్చిపోయారు.

ఇంతవరకు ఇది ఒక డబ్బున్నాయన ఇల్లు కొన్న కథ. అయితే అప్పటి ఇంగ్లండ్‌లో భూమి అంటే భూమి ఒక్కటే కాదు. భూమితో పాటు పార్లమెంటు సీట్లు వస్తాయి. పిట్ అంతకుముందే ఓల్డ్ సారమ్ అనే చోట భూములు కొన్నాడు. అక్కడ జనం దాదాపు ఎవరూ లేరు, కానీ ఇద్దరు సభ్యుల్ని పార్లమెంటుకి పంపే హక్కు ఉంది. అంటే ఓటర్లు లేని నియోజకవర్గం, యజమాని ఎవర్ని చెబితే వాళ్ళే సభ్యులు. పిట్ మనవడు విలియం 1735లో ఆ సీటు నుంచే పార్లమెంటులో అడుగుపెట్టాడు, తర్వాత ప్రధాని అయ్యాడు. ఆ విలియం కొడుకు, అతని పేరూ విలియమే, 24 ఏళ్ళకే 1783లో ప్రధాని అయ్యాడు. మన చరిత్ర పుస్తకాల్లో 1784 పిట్స్ ఇండియా చట్టం అని చదివి, పరీక్షలో రాసి, మర్చిపోయాం చూడండి, ఆ పిట్ ఈయనే. ఈస్టిండియా కంపెనీ పాలనని బ్రిటిష్ ప్రభుత్వం అదుపులోకి తెచ్చిన చట్టం అది. మద్రాసులో రాయి కొన్నాయన మునిమనవడు ఇండియాని ఎవరు ఎలా ఏలాలో నిర్ణయించాడు. నేను ఇంటర్లో ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే హిస్టరీ మానేసి ఎంపీసీ తీసుకునేవాణ్ణి కాదేమో.

ఇంక ఇల్లు. పిట్ వంశంలో పెద్ద కొడుకుల వరసలో అది దిగుతూ వచ్చింది. చివరి మగవారసుడు, రెండో లార్డ్ కామెల్‌ఫర్డ్, 1804లో ఇంకో ద్వంద్వ యుద్ధంలో పోయాడు. (ఈ ఇంటి యజమానులకి అదేం గ్రహచారమో.) ఇల్లు అతని అక్క ఆన్‌కి వచ్చింది. ఆమె భర్త గ్రెన్‌విల్ 1806-07లో ప్రధాని. బానిసల వ్యాపారాన్ని నిషేధిస్తూ 1807లో చట్టం వచ్చింది ఆయన హయాంలోనే. పిల్లల్లేరు. 1864లో ఆన్ పోయాక ఎస్టేటు భర్త మేనల్లుడైన ఫోర్టెస్క్యూకి దక్కింది. అప్పట్నుంచి ఆ కుటుంబానిదే.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు అక్కడ దిగారు. యుద్ధం తర్వాత ఇంత పెద్ద ఇళ్ళు నిలబెట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఇంగ్లండ్‌లో ఇలాంటివి వందల కొద్దీ పడగొట్టేశారు. బొకానక్‌లో కూడా ఒక వైపు భాగం కూల్చేశారు. 1969 నుంచి ఇల్లు ఖాళీగా పడి ఉంది. చెమ్మ పట్టి, పైకప్పు పాడై, ఇక అయిపోయిందనుకున్న దాన్ని 2001 నుంచి ఆ కుటుంబం వాళ్ళు బాగు చేసుకుంటూ వచ్చారు. పదేళ్ళకి పైగా పట్టింది. 2012లో దానికి పునరుద్ధరణ అవార్డు కూడా వచ్చింది.

ఈ విషయంలో వాళ్ళని మెచ్చుకోవాల్సిందే. మా తాతగారి పెంకుటిల్లు ముగ్గురు కొడుకులు కలిసి ఒక వానాకాలం కూడా కాపాడలేకపోయారు. వాళ్ళు ముప్ఫై ఏళ్ళు పాడుబెట్టిన ఇంటిని మళ్ళీ లేపారు. పైగా డబ్బు ఎక్కడ్నుంచి వచ్చిందన్నది వాళ్ళేం దాచిపెట్టలేదు. ఇంటి చరిత్ర చెప్పేటప్పుడు పిట్ వజ్రం మాట వస్తూనే ఉంటుంది.

మరి నా బాధేంటి?

ఆ చరిత్రలో ప్రతి చేతికీ పేరుంది, సంవత్సరం ఉంది. మోహున్ నుంచి పిట్, పిట్ నుంచి గ్రెన్‌విల్, గ్రెన్‌విల్ నుంచి ఫోర్టెస్క్యూ. మా ఆఫీసులో కోడ్ మార్పుల చరిత్ర చూసినట్టు ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళొచ్చు. 1701 డిసెంబర్‌లో జామ్‌చంద్ దగ్గర అది ఆగిపోతుంది. దాని వెనక ఏమీ లేదు. రాయి జామ్‌చంద్ దగ్గరికి ఎలా వచ్చింది, ఎవరు తవ్వారు, వాళ్ళకేం ముట్టింది.. ఆ గడులన్నీ ఖాళీ.

ఖాళీ ఉన్న చోట కథలు పుడతాయి. కొల్లూరు గనిలో ఒక బానిసకి ఈ రాయి దొరికిందట. పిక్కలో గాయం చేసుకుని, కట్టు కింద దాన్ని దాచుకుని తీరానికి పారిపోయాడట. ఓడ ఎక్కించి విడిపిస్తే సగం ఇస్తానని ఒక ఇంగ్లీషు కెప్టెన్‌ని నమ్మాడట. కెప్టెన్ రాయి లాక్కుని వాణ్ణి చంపి సముద్రంలో పడేసి, జామ్‌చంద్‌కి అమ్మేసి, తాగి తాగి చివరికి ఉరేసుకున్నాడట. ఇది నిజమని చెప్పే ఆధారం ఏదీ లేదు. రాయి తవ్విన మనిషి ఈ మొత్తం చరిత్రలో కనబడేది ఈ ఒక్క కట్టుకథలోనే. అందులోనూ అతనికి పేరు లేదు.

పేర్లు తెలియకపోయినా గనుల గురించి కొంత తెలుసు. ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే 17వ శతాబ్దంలో అక్కడికెళ్ళి చూసి రాశాడు. కొల్లూరులో ఆడా మగా పిల్లా పెద్దా కలిపి 60,000 మంది పనిచేస్తున్నారని అన్నాడు. మగవాళ్ళు 10, 12, 14 అడుగుల లోతు దాకా తవ్వేవాళ్ళు, నీళ్ళు పడితే ఆపేసేవాళ్ళు. ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవాళ్ళు. ఆ మట్టిని చుట్టూ గోడ కట్టిన మడిలో పోసి, నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, చేటలతో చెరిగి, రాళ్ళు ఏరేవాళ్ళు. పెద్ద రాయి ఏది దొరికినా పాలకుడికే చెందాలన్నది ఆ గనుల నియమం.

కర్నూలు వైపు రామళ్ళకోట గనిలో, పని బాగా తెలిసిన కూలీకి కూడా ఏడాదికి 3 వరహాలే ఇచ్చేవాళ్ళని ఆయనే రాశాడు. గని వేరు, కాలం కూడా పిట్ కన్నా కొన్ని దశాబ్దాలు ముందు. అయినా ఒక అంచనాకి పనికొస్తుందని భాగించి చూశాను. పిట్ ఇచ్చింది 48,000 వరహాలు. ఆ కూలి రేటుకి అది 16,000 ఏళ్ళ జీతం. ఒక్క మనిషి తవ్వుతూ పోతే పదహారు వేల ఏళ్ళు. అది బేరమాడి తగ్గించిన ధరే, అమ్మిన ధర కాదు. బొకానక్ గడ్డిలో నిలబడి నేను వేసుకున్న లెక్క ఇదే.

ఈ లెక్క చెప్పగానే మా రూమ్మేటు ఒకడు "అంతేరా, తెల్లోళ్ళు మొత్తం దోచుకుపోయారు" అన్నాడు. అలా అనడం సులువే. కానీ 1701లో కొల్లూరుని ఏలుతున్నది ఇంగ్లీషు వాళ్ళు కాదు. 1687లో గోల్కొండ పడిపోయాక అది మొగలుల కిందకి వెళ్ళింది. పిట్ ఆ గని దగ్గరికి కత్తి పట్టుకుని వెళ్ళలేదు, మద్రాసులో కూర్చుని కొన్నాడు. ఆ రోజుల్లోనే అతను రాయి కొట్టేశాడని లండన్‌లో గుసగుసలు నడిచాయి. ఆ మాట పడలేకే 1710లో తిరుగు ప్రయాణంలో నార్వేలోని బెర్గెన్‌లో ఆగినప్పుడు, దేవుడి సాక్షిగా న్యాయంగా కొన్నానని కాగితం రాసి పెట్టాడు. నాకైతే అతని మాట చాలావరకు నిజమే అనిపిస్తుంది. జామ్‌చంద్‌కి నచ్చిన ధరకే కొని ఉంటాడు. ఆ న్యాయం ఆ ఇద్దరి మధ్యదే. 3 వరహాల మనిషిని ఆ బేరంలో ఎవరూ అడగలేదు. అతనికి అన్యాయం చేసినవాళ్ళు ముందుగా ఇక్కడివాళ్ళే. రాజులు, గని గుత్తేదార్లు, వ్యాపారులు.. తెల్లవాళ్ళ వంతు ఆ తర్వాతిది. "దోచుకుపోయారు" అని ఒక్క మాట అనేస్తే మనవాళ్ళంతా బయటపడిపోతారు.

రీడింగ్ తిరిగొచ్చాక మా మామయ్యకి ఫోన్ చేశాను. "మామయ్యా, కొల్లూరు గని చోటు నువ్వు చూశావా?" అని అడిగితే, "చిన్నప్పుడు చూశాలేరా, గుంటలూ రాళ్ళ కుప్పలూ తప్ప అక్కడేముందీ? ఇప్పుడైతే అవీ లేవు, నీళ్ళే" అన్నాడు.

నిజమే. కొల్లూరు ఉన్న చోటు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. 2013 డిసెంబర్‌లో ఆ ప్రాజెక్టుని జాతికి అంకితం చేశారు. 45 టీఎంసీల పైచిలుకు నిల్వ. నదికి రెండు వైపులా ఊళ్ళు ఖాళీ చేయించారు. మా మామయ్య వాళ్ళు ఇప్పుడుండేది పునరావాస కాలనీలో. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఇల్లు ఖాళీ చేసిన రోజు అమ్మమ్మ గుమ్మానికి పసుపు రాసి మరీ బయటికొచ్చిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అలాగని ప్రాజెక్టు వద్దని అనగలనా? మా నాన్న వైపు వాళ్ళది కృష్ణా డెల్టా. 13 లక్షల ఎకరాల డెల్టా ఆయకట్టుకి సమయానికి నీళ్ళివ్వడానికే పులిచింతల కట్టారు. మా నాన్న నారు సమయానికి పోసుకుంటున్నాడంటే ఆ నీళ్ళ వల్లే. అంటే అమ్మ వైపు ఊరు మునిగితే నాన్న వైపు పొలం పండింది. నా బీటెక్ ఫీజులో కూడా ఆ పంట డబ్బు ఉంది. బొకానక్ వారసుల వంక చూసి "మీ ఇంటి డబ్బు ఎక్కడిదీ" అని అడగబోయినవాణ్ణి, నా దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు.

ఇంతకీ నేను చెప్పొచ్చేది ఇదీ. మూడొందల ఏళ్ళ కిందటి దానికి ఇప్పటి వాళ్ళు తల దించుకోవాలని నేననుకోను. ఇల్లు ఇచ్చెయ్యమనీ, రాయి తెచ్చెయ్యమనీ కూడా అనను. రాయి తెచ్చి ఎవరికిస్తాం? 3 వరహాల మనిషి వారసులు ఎవరో ఎవరికి తెలుసు? కానీ అనుభవించేవాడు లెక్క మొత్తం చెప్పాలి, మధ్యలోంచి మొదలెట్టకూడదు. బొకానక్ కథ మద్రాసులో మొదలవుతుంది. దాన్ని ఇంకో నాలుగొందల కిలోమీటర్లు ఉత్తరానికి, కృష్ణ ఒడ్డు దాకా తీసుకెళ్ళాలి. "ఈ ఎస్టేటు కొన్న డబ్బు కొల్లూరు గనిలో మట్టి మోసిన వేలమంది ఆడవాళ్ళ, మగవాళ్ళ, పిల్లల కష్టం నుంచి వచ్చింది, వాళ్ళ పేర్లు మనకి తెలియవు" అని ఒక్క వాక్యం చాలు.

మనవైపు కూడా అంతే. పులిచింతల కట్ట మీద నిలబడి చూస్తే నీళ్ళు కనబడతాయి, బావుంటుంది. ఆ నీళ్ళ కింద ఏ ఊళ్ళున్నాయో, ఒకప్పుడు అరవై వేలమంది ఏం తవ్వారో, ఆ రాళ్ళు ఎక్కడికెళ్ళి ఏమయ్యాయో ఒక బోర్డు మీద రాస్తే పెద్ద ఖర్చేం కాదు. ఇంగ్లీషు వాళ్ళని అడిగే ముందు మనం చేసి చూపించొచ్చు.

ఆ రోజు బొకానక్‌లో టీ తాగి బయల్దేరేటప్పుడు అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ, ఎక్కడ్నుంచి వచ్చారని అడిగింది. రీడింగ్ అందామనుకుని, ఎందుకో నోటికి "కొల్లూరు దగ్గర్నుంచి" అని వచ్చింది. ఆవిడకి అర్థం కాలేదు. అదెక్కడుందని అడిగింది. మా రూమ్మేట్లు కార్లో హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా ఓ పది నిమిషాలు నిలబడి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది. చివర్లో ఊరి పేరు ఎలా పలకాలో ఇంకోసారి అడిగింది.